నోట్లో ఉన్న గార్డు, నోటికి కుదిరిన గార్డు

కోచ్: ముందు నా ఫిర్యాదు వినండి డాక్టరు గారూ. మా బాక్సింగ్ హాల్లో ఒక్కటే నియమం. మౌత్‌గార్డు లేనిదే స్పారింగ్ లేదు. ఎవరి కొడుకైనా సరే. కొత్త పిల్లలు చేరినప్పుడల్లా ఆదివారం పొద్దున్నే గిన్నెడు నీళ్లు కాచి, స్పోర్ట్స్ షాపులో దొరికే గార్డులు వేడి చేసి, ఒక్కొక్కరి నోటికి నేనే కుదురుస్తాను. కొద్ది వందల్లో పనైపోతుంది. ఆ మధ్య మీరు స్కూల్లో పళ్ల శిబిరం పెట్టి, షాపు గార్డుల్ని నమ్ముకోకండి, పళ్ల అచ్చు తీయించి చేయించుకోండి అన్నారు. ఇప్పుడు అమ్మానాన్నలు ఏమంటున్నారో తెలుసా? "అది పనికిరాదట కదా మాస్టారూ, డబ్బులు సమకూరాక మంచిదే చేయిస్తాం, అప్పటిదాకా ఉట్టినే ఆడించండి." ఉన్నదేమో నోట్లోంచి బయటికొచ్చింది. మంచిదేమో ఇంకా రాలేదు.

డాక్టరు: వేసుకోవద్దని నేననలేదు మాస్టారూ. వేసుకున్నది ఏమిటో తెలుసుకోమన్నాను. నా దగ్గరికి వచ్చిన షాపు గార్డుల్ని కొలిచి చూశాను. ముందు పళ్ల మీద 3 మిల్లీమీటర్ల మందం ఉండాలి. దెబ్బ తగిలేది అక్కడ. నమిలే చోట 2 నుంచి 3 ఉండాలి. దవడ మీద పంచ్ పడితే కింది పళ్లు వచ్చి గుద్దుకునేది అక్కడ. షాపులో కొన్నప్పుడు ఆ మందం ఉంటుంది. వేడి నీళ్లలోంచి తీసి నోట్లో పెట్టగానే పిల్లలు ఏం చేస్తారు? కొరకమన్నారు కదా అని గట్టిగా కొరుకుతారు. మెత్తబడ్డ ప్లాస్టిక్ పక్కలకి జారిపోయి, పన్ను తగిలే చోట కాగితంలా మిగులుతుంది. వెనక అంగిట్లో గుచ్చుకుని వాంతొస్తోందని కత్తెరతో కొంచెం కోస్తారు, మర్నాడు ఇంకొంచెం. చివరికి నాలుగు పళ్ల మీద నిలబడే ముక్క. దాన్ని చూసి తల్లి నిశ్చింతగా ఉంటుంది. నా బాధ ఆ నిశ్చింత గురించి.

కోచ్: మీరు చెప్పేది ప్యాకెట్ చేతికిచ్చి ఇంటికి పంపేవాళ్ల సంగతి. నేను చేసేది వినండి. నీళ్లు మరిగాక స్టవ్ ఆపేస్తాను. గార్డు వేసి ప్యాకెట్ మీద రాసినన్ని సెకన్లు లెక్కపెట్టి చిల్లుల గరిటెతో పైకి తీస్తాను. పెదవి కాలకుండా చల్లనీళ్లలో ఒక్క మునక. అద్దం ముందు నిలబెట్టి, మధ్య గీత ముందు రెండు పళ్ల మధ్యకి వచ్చేలా పై దవడకి ఎక్కిస్తాను. "కొరకొద్దు, చప్పరించు" అంటాను. పళ్లు ఆనీ ఆనకుండా మూయాలి, నాలుక అంగిలికి నొక్కాలి, లోపల గాలి పీల్చేయాలి. బయట నుంచి పెదవి మీదా బుగ్గల మీదా వేళ్లతో నేనే అదుముతాను. అర నిమిషం. మళ్లీ చల్లనీళ్లు. కుదరకపోతే ఇంకోసారి వేడి చేస్తాను. అప్పటికీ కుదరకపోతే పారేసి కొత్తది తీస్తాను. పోయేది కొద్ది వందలే.

డాక్టరు: ఇంత ఓపిగ్గా మా వాళ్లు కూడా అందరూ చేయరు, ఒప్పుకుంటున్నాను. మరి కుదిరిందో లేదో ఎలా చూస్తారు?

కోచ్: నోరు తెరిచి పది దాకా గట్టిగా లెక్కపెట్టమంటాను.

డాక్టరు: సరైన పరీక్షే. నోరు బార్లా తెరిచినా పై దవడ నుంచి ఊడకూడదు, మాట అర్థం కావాలి. కానీ కొత్తలో నిలబడ్డ గార్డు రెండు నెలల తర్వాత నిలబడదు. అప్పుడు పిల్లాడు దాన్ని పట్టి ఉంచడానికి పళ్లు బిగించాలి. పళ్లు బిగిస్తే నోటితో గాలి పీల్చలేడు. మొదటి రౌండులో తెలియదు. మూడో రౌండు వచ్చేసరికి ఎదుటివాడి కంటే ఆ గార్డే పెద్ద శత్రువైపోతుంది. ఉమ్మేస్తాడు. రిఫరీ ఆట ఆపి కడిగించి పెట్టిస్తాడు. కావాలని ఉమ్మేశాడనుకుంటే వార్నింగ్ ఇస్తాడు. కరిచే చెప్పుని ఎంత మంచిదన్నా ఎవడూ వేసుకోడు. మీరు అలవాటు ముందు, కుదరడం తర్వాత అంటున్నారు. కుదరకపోతే అలవాటే పడదంటున్నాను నేను.

కోచ్: చరిత్ర నా వైపు ఉంది సార్. ఈ వస్తువు పుట్టిందే మీ వృత్తిలో. 1890 ప్రాంతంలో లండన్‌లో వూల్ఫ్ క్రౌజ్ అనే పళ్ల డాక్టరు బాక్సర్ల పై పళ్ల మీద గట్టాపర్చా అనే రబ్బరులాంటి పదార్థం ముక్కలు అద్దేవాడు. ఆయన కొడుకు ఫిలిప్ దాన్ని మార్చి, తీసి పెట్టుకునేలా చేశాడు. టెడ్ కిడ్ లూయిస్ అది పెట్టుకుని రింగ్‌లోకి దిగితే, ఇది అన్యాయం, తీసేయమని అవతలివాళ్లు గొడవ. 1927లో న్యూయార్క్‌లో మైక్ మెక్‌టీగ్ అనే అతను జాక్ షార్కీ మీద బాగా ఆడుతూ ఆడుతూ, పన్ను విరిగి నోరు కోసుకుపోయి ఓడిపోయాడు. ఆ తర్వాత గానీ పెద్దల మనసు మారలేదు. ఆ రోజుల్లో ఎవరి నోటికి ఎన్ని మిల్లీమీటర్ల మందం కుదిరింది? నోట్లో ఏదో ఒకటి ఉండాలన్న పట్టింపు ముందొచ్చింది. కుదరడం తర్వాత నెమ్మదిగా నేర్చుకున్నారు.

డాక్టరు: ఆ గట్టాపర్చా ఇవాళ్టికీ మా క్లినిక్‌లో ఉంది లెండి. రూట్ కెనాల్ చేశాక అదే నింపుతాం. మీ రింగ్‌లోంచి వచ్చిన పిల్లలకి కూడా.

కోచ్: దెప్పిపొడుపు బాగుంది. కానీ నా దగ్గర ఇంకో లెక్కుంది. న్యూజిలాండ్ రగ్బీలో 1990ల చివర్లో గార్డు తప్పనిసరి చేశారు. అక్కడ ఆటల్లో తగిలిన దెబ్బలకి ప్రభుత్వ బీమా డబ్బిస్తుంది కాబట్టి లెక్కలు పక్కాగా ఉంటాయి. 1995 నుంచి 2003 మధ్య రగ్బీలో పళ్ల క్లెయిములు 43 శాతం తగ్గాయి. అచ్చు తీసిందే పెట్టుకోమని నియమం పెట్టలేదు, ఏదో ఒకటి లేనిదే ఆట లేదన్నారు. పళ్లని కాపాడింది ఆ నియమం.

డాక్టరు: మీ వాదనలో అన్నింటికన్నా బరువైంది ఇదే. కాదనను. నియమం లేని చోట ఎంత గొప్ప గార్డైనా పెట్టెలోనే ఉంటుంది. కానీ ఆ 43 శాతం పోగా మిగిలిన పళ్ల మాటేమిటి? నా కుర్చీలో కూర్చునేది ఆ మిగిలినవాళ్లే. 11 ఏళ్ల పిల్లకి ముందు పన్ను ఊడిపోయిందనుకోండి. ఇంప్లాంట్ పెట్టేద్దాం అంటారు ఇంట్లోవాళ్లు. పెట్టలేను. దవడ ఎదుగుదల ఆగే దాకా, అంటే 18, 20 ఏళ్ల దాకా ఆగాలి. ముందే పెడితే చుట్టూ ఎముక ఎదుగుతుంది, ఇంప్లాంట్ అక్కడే ఉండిపోతుంది, పన్ను పొట్టిగా కనిపిస్తుంది. అప్పటిదాకా తీసి పెట్టే పన్నో, పక్క పళ్లకి అతికించే బ్రిడ్జో. ఊడినదాన్ని తిరిగి పెట్టినా దాని వేరు కొన్నేళ్లలో కరిగిపోవచ్చు. ఆ ఖర్చు ముందర అచ్చు గార్డు ఖర్చు ఎంత?

కోచ్: ఆ ఖర్చు రావచ్చు, రాకపోవచ్చు. గార్డు ఖర్చు మాత్రం ఈ నెలే కట్టాలి. జాలారిపేట నుంచి వచ్చే పిల్ల వాళ్ల నాన్నకి ఈ తేడా మీరు చెప్పి చూడండి. పైగా ఒక్కసారితో తీరదు కదా. మా దగ్గర సగం మంది 10 నుంచి 13 ఏళ్లవాళ్లు. ఒక పన్ను ఊడుతోంది, ఒకటి మొలుస్తోంది, కోరపన్ను అప్పుడే తొంగిచూస్తోంది. జూన్‌లో అచ్చు తీస్తే సంక్రాంతికి ఎక్కదు. పెరిగే పిల్లలకి ఆరు నెలలకో ఏడాదికో మార్చాలని మీ డాక్టర్లే చెబుతారు. ఏడాదికి రెండుసార్లు వేలకి వేలు పెట్టాలా? వేడినీళ్ల గార్డైతే పన్ను మారినప్పుడల్లా ఇంకొకటి తీస్తాను.

డాక్టరు: పాలపళ్లు ఊడే వయసులో మీ పద్ధతే సబబు. ఇది మొక్కుబడికి అనడం లేదు. మొలిచే పన్ను దగ్గర నమూనా మీద మైనం అద్ది కొంచెం ఖాళీ వదిలి చేయొచ్చు, కొన్నాళ్లు ఎక్కువ వస్తుంది, అంతే. కానీ పళ్లకి కమ్మీలు కట్టించుకున్నవాళ్లని మాత్రం నాకు వదిలేయండి. వేడినీళ్ల గార్డు మెత్తగా ఉన్నప్పుడు తీగల్లోకి దూరి, చల్లారాక అక్కడే బిగుసుకుంటుంది. తీస్తే బ్రాకెట్లు ఊడొస్తాయి. దెబ్బ తగిలితే పెదవి లోపలంతా చీరుకుంటుంది.

కోచ్: అది ఒప్పుకుంటాను. ఇప్పుడు నాదో ప్రశ్న. అచ్చు గార్డుకి అసలు ఏం ఖర్చవుతుంది? దాచకుండా చెప్పండి.

డాక్టరు: ఆల్జినేట్‌తో పై దవడ అచ్చు తీస్తాం. దాంట్లో డెంటల్ స్టోన్ పోసి నమూనా చేస్తాం. ఈవీఏ అనే ప్లాస్టిక్ షీటుని వేడి చేసి, మెషీన్‌తో గాలి లాగి ఆ నమూనా మీద అతికిస్తాం. మంచి ల్యాబులో రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి ఒత్తిడితో అతికిస్తారు, మందం అలా నిలబడుతుంది. తర్వాత అంచులు పెదవి మడతకి తగలకుండా, పెదవిని చిగురుకి పట్టి ఉంచే పొర దగ్గర ఖాళీ వదిలి అరగదీస్తాం. సామాను ఖర్చు చాలా తక్కువ. మిగతాదంతా ల్యాబు, క్లినిక్ అద్దె, నా టైము.

కోచ్: చూశారా! షీటు ఈవీఏ, నా గార్డూ చాలా వరకు ఈవీఏనే. అదే ప్లాస్టిక్. మధ్యలో పెరిగింది మీ అద్దె.

డాక్టరు: పిండి ఒకటే కావచ్చు, దోసె ఒకటి కాదు. కానీ అద్దె మాట నిజమే, దాన్ని కాదనలేను. డెంటల్ కాలేజీల్లో విద్యార్థులు రోజూ అచ్చులు తీసి నేర్చుకుంటారు. ఒక రోజు మీ హాలుకి వస్తే ముప్పై మంది పిల్లల అచ్చులు మధ్యాహ్నానికల్లా అయిపోతాయి. ఇది ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కోచ్: చేసినా నా అసలు భయం పోదు. చేయించిన తర్వాత ఏమవుతుందో మీరు చూడలేదు. నేను రోజూ చూస్తాను. గ్లౌవ్ లోపల దోపి ఇంటికి తీసుకెళ్తారు. చెమట తువ్వాల్లో చుడతారు. ఒకడు మే నెలలో బండి సీటు కింద పెట్టెలో రోజంతా వదిలేశాడు, తీసేసరికి పకోడీలా ముడుచుకుపోయింది. వాళ్ల నాన్న వేల రూపాయలు పెట్టి చేయించింది అది. ఇంకో పిల్ల వాళ్లమ్మ శుభ్రం చేస్తానని చెల్లి పాలసీసాతో పాటు గిన్నెలో వేసి మరిగించింది. ఆవిడ తప్పేముంది? సీసా మరిగించాలని చెప్పింది డాక్టర్లే. నా గార్డు పాడైతే ఎవరూ ఏడవరు. అచ్చు గార్డు పాడైతే పిల్ల భయపడి ఇంట్లో చెప్పదు. ముడుచుకుపోయిందాన్నే నోట్లో పెట్టుకుని రింగ్‌లోకి వస్తుంది.

డాక్టరు: ఈ చివరి మాట నేను ఆలోచించనిది. అయితే దాన్ని ఖరీదు మీదికి నెట్టేస్తే ఎలా? నేర్పని తప్పు మనిద్దరిదీ. ఏం చేయాలో చాలా చిన్న సంగతి. పెట్టుకునే ముందూ తీశాకా చల్లనీళ్లతో కడగాలి. మెత్తని బ్రష్, కొంచెం సబ్బు. టూత్‌పేస్టు వద్దు, అందులో గరుకు ఉంటుంది, సన్నని గీతలు పడితే క్రిములు వాటిలో కూర్చుంటాయి. వేడినీళ్లు అసలు వద్దు. కడిగాక ఆరనివ్వాలి. చిల్లులున్న డబ్బాలో పెట్టాలి, గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో కాదు. ఎండలో వదలకూడదు. రౌండ్ల మధ్య చూయింగ్ గమ్‌లా నమలకూడదు. ఇది ఎందుకు పట్టించుకోవాలంటే, అమెరికాలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ల గార్డులు ల్యాబులో చూస్తే బ్యాక్టీరియాతో పాటు ఈస్టు, బూజు కూడా బయటపడ్డాయి. అంచు గరుకైతే చిగురు గీరుకుంటుంది, ఆ పుండులోకి ఇవన్నీ దిగుతాయి. గార్డు చిరిగినా, పళ్లు దిగి గుంటలు పడినా, ఊగులాడినా దాని పని అయిపోయినట్టే.

కోచ్: ఈ మాటలన్నీ గోడ మీద రాయించాను. చదివేవాడెవడు? అందుకే చెబుతున్నా, నిర్లక్ష్యం ఎలాగూ ఉంటుంది. దాన్ని తట్టుకునే ధరలో వస్తువు ఉండాలి.

డాక్టరు: చవకే నిర్లక్ష్యాన్ని పెంచుతుంది కూడా. మీ హాల్లో అన్నగారి గార్డు తమ్ముడు పెట్టుకోవడం నేను చూశాను. తనది మర్చిపోయినవాడికి పక్కవాడు కడిగి ఇవ్వడం కూడా చూశాను.

కోచ్: చూశారా? ఎప్పుడు?

డాక్టరు: శిబిరానికి ముందు ఒకసారి వచ్చినప్పుడు. మీరు అవతలి రింగ్‌లో ఉన్నారు. అచ్చు గార్డైతే అది జరగదు. ఒకడి పళ్లకి చేసింది ఇంకొకడి నోట్లో కూర్చోదు.

కోచ్: సరే. అది నేను ఆపాలి, ఆపుతాను. ఇక పెద్ద మాటకి రండి. మీరు పళ్ల గురించి మాట్లాడుతున్నారు. నేను తలకాయ గురించి మాట్లాడుతున్నాను. గార్డు ఉంటే దవడ దెబ్బ మెదడుకి చేరదని అమ్మానాన్నలకి చెబుతాను. పన్ను అంటే వాళ్లు లెక్కచేయరు. మెదడంటే వెంటనే కొంటారు.

డాక్టరు: ఆ మాట చెప్పొద్దు మాస్టారూ. మీ అన్ని మాటల్లో నాకు ఒప్పని మాట అదొక్కటే. పళ్లు, పెదవి, నాలుక, దవడ, ఇవి గార్డు కాపాడుతుంది, అందులో సందేహం లేదు. మెదడు అదురుని ఆపుతుందన్నది ఇంకా తేలని సంగతి. అనుకూలంగా చెప్పిన పరిశోధనలున్నాయి, తేడా కనబడని పరిశోధనలూ ఉన్నాయి. ప్రపంచ రగ్బీలో 2024 నుంచి పెద్ద మ్యాచుల్లో సెన్సర్ పెట్టిన గార్డులు వాడుతున్నారు. అవి దెబ్బ బలాన్ని కొలుస్తాయి, ఆపవు. మీ బాక్సింగ్‌లోనే 2013లో మగవాళ్ల పెద్ద పోటీల్లో హెడ్‌గార్డు తీసేశారు కదా. తల మీద రక్షణ ఉందన్న ధీమాతో ఎక్కువ దెబ్బలు తింటారన్న వాదన అప్పుడు వచ్చింది. మీ మాట నమ్మిన నాన్న, తల తిరుగుతోందన్న పిల్లాణ్ని మర్నాడే పంపిస్తాడు, గార్డు ఉంది కదా అని.

కోచ్: చెప్పకపోతే కొనరు. చెబితే అబద్ధం. దీనికి మీ దగ్గర మందుందా?

డాక్టరు: పన్ను గురించే నిజం చెప్పండి. ఊడిన పన్ను ఫోటో చూపించండి.

కోచ్: ఫోటో చూపిస్తే పిల్లనే మాన్పించేస్తారు. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ టైటిల్ గెలిచాక మా దగ్గర ఆడపిల్లలు చేరుతున్నారు. ఆవిడ ఈ విశాఖ స్పోర్ట్స్ అథారిటీ (సాయ్) సెంటర్‌లో సాధన చేసిన మనిషి అని చెబితే ఇళ్లలో కాస్త మెత్తబడతారు. అయినా తల్లి అడిగే మొదటి ప్రశ్న, పన్ను విరిగితే పిల్లనెవరు చేసుకుంటారని. ఆ ఇంటికి మీ ఫోటో తీసుకెళ్లమంటారా?

డాక్టరు: లేదు. అక్కడ నేను ఓడిపోయాను. కానీ మెదడు మాట మాత్రం మానేయండి.

కోచ్: ప్రయత్నిస్తాను. అబద్ధమని తెలిసి చెప్పలేదు కాబట్టి సిగ్గుపడను.

డాక్టరు: ఇంకొకటి. మీ ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఏముంది?

కోచ్: ఐస్, దూది, బ్యాండేజీలు. ఎందుకు?

డాక్టరు: పక్కనే పాల ప్యాకెట్ ఉందా? పెద్ద పన్ను ఊడితే తెల్లటి వైపు పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు, రుద్దకూడదు. మట్టి ఉంటే ఒక్కసారి కడిగి వెంటనే దాని గుంటలోనే పెట్టాలి. అది కుదరకపోతే పాలలో వేయాలి, నీళ్లలో కాదు. అరగంటలో నా దగ్గరుంటే బతికే ఆశ బాగా ఉంటుంది. పాలపన్నైతే తిరిగి పెట్టకూడదు. గార్డు ఏదైనా, పన్ను ఊడే రోజు రావచ్చు.

కోచ్: రేపటి నుంచి పాలు ఉంటాయి. ఇక అసలు పని. దీనికోసమే వచ్చాను. శనివారం సబ్ జూనియర్ పోటీలు. ఒక పిల్ల ఉంది, 13 ఏళ్లు. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. మీ మాట విని అప్పు చేసి అచ్చు గార్డు చేయించాడు. ఆరు నెలలైంది. కోరపన్ను దిగింది, గార్డు ఆ పక్క ఎక్కడం లేదు, నోరు తెరిస్తే జారిపోతోంది. వేడినీళ్లది నేను కుదురుస్తానంటే ఒప్పుకోవడం లేదు. ఆ చవకది పనికిరాదని డాక్టరు గారే అన్నారు, ఇన్ని డబ్బులు పోసింది పక్కన పెట్టి అదెందుకు అంటున్నాడు.

డాక్టరు: పిల్లని రేపు పంపండి. ఆ పక్క కొంచెం అరగదీస్తాను. సరిపోకపోతే మళ్లీ అచ్చు తీద్దాం.

కోచ్: రేపు పరీక్ష. ఎల్లుండి ప్రయాణం. వాళ్ల నాన్న రాయ్‌పూర్ దారిలో ఉన్నాడు.

డాక్టరు: రిఫరీ ఒప్పుకుంటాడా దానితో?

కోచ్: రిఫరీ నోట్లో గార్డు ఉందా, ఎర్రది కాదు కదా, ఇంతే చూస్తాడు. రక్తం కనబడకుండా పోతుందని ఎరుపు వద్దంటారు. పన్ను మీద కూర్చుందా లేదా అన్నది ఎవరూ చూడరు. మీ గార్డుతోనే దిగుతుంది, రెండో రౌండులో ఊడిపోతుంది.

డాక్టరు: అయితే మీ వేడినీళ్లదే పెట్టండి. ఈ పోటీకి అదే మేలు.

కోచ్: నేను పెడితే కాదు, మీరు ఫోన్ చేసి ఆయనకి చెప్పాలి. నంబరు ఇస్తాను.

డాక్టరు: చెబుతాను. కానీ ఈ ఒక్క పోటీకే అని, తిరిగొచ్చాక నా దగ్గరికి తీసుకురావాలని కూడా చెబుతాను.

కోచ్: ఆ రెండో మాట చెప్పకండి. చెబితే మళ్లీ ఇది పనికిరానిదే అనుకుంటాడు.

డాక్టరు: చెప్పకపోతే ఇదే చాలనుకుంటాడు కదా మాస్టారూ.

కోచ్: రాసుకోండి నంబరు. ముందు ఏ మాట చెప్పాలో, రింగయ్యేలోపు మీరే తేల్చుకోండి.